మూడంచుల కాడ

లవ్‌డే ట్రెంబాత్ మోకాళ్ల కింది పట్టాను జానెడు ముందుకు జరుపుకుని, ముళ్ల చెంచాను మట్టిలోకి ఏటవాలుగా దించింది. మొక్క మొదలును ఎడమచేతి రెండు వేళ్లతో పట్టుకుంది కాని లాగలేదు. లాగితే కాడ తెగి చేతిలోకి వస్తుంది, గడ్డ లోపలే నిలిచిపోతుంది. ముందు చుట్టూ మట్టిని వదులు చేయాలి. తర్వాత అడుగు నుంచి పెళ్లను మొత్తంగా ఎత్తి, జల్లెడలో వేసి చిదమాలి. బఠాణీ గింజంత తల్లిగడ్డ వెంటనే కనబడుతుంది. దాన్ని అంటిపెట్టుకుని బియ్యపు గింజలంత పిల్లగడ్డలు పది పదిహేను ఉంటాయి. తాకితే చాలు రాలిపోతాయి. రాలిన ప్రతిదీ వచ్చే ఏటికి ఒక మొక్క.

అందుకే ఒక పెళ్ల పని ముగించి మరొకదాని దగ్గరకు పోయే ముందు ఆమె ముళ్ల చెంచాను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ముళ్ల సందుల్లో బొటనవేలి గోరు దూర్చి తుడుస్తుంది. సందులో ఇరుక్కున్న ఒక్క గింజ చాలు, శుభ్రం చేసిన నేలను మళ్లీ పాడు చేయడానికి. యాభై అయిదేళ్ల ఆమె పనిలో ఈ అలవాటు కడపటి పంతొమ్మిదేళ్లది. అంతకుముందు ఆమె కూడా అందరిలాగే చెంచాను కోటుకు తుడిచి జేబులో వేసుకునేది.

ఆ చెంచా ఈ తోట యజమానులైన పెన్‌హేల్ కుటుంబపు భోజనాల బల్ల మీదిది. నాలుగు ముళ్లలో ఒకటి విరిగినందువల్ల వంటింట్లోకి, వంటింట్లో కూడా ఎవరూ ముట్టనందువల్ల తోటలోకి దిగివచ్చింది. పిడి చివర కుటుంబ చిహ్నం ఉండేదని తెలిసినవారు వేలితో తడిమితే ఇప్పటికీ ఆ గరుకు తగులుతుంది. ఆమె కోటు కూడా ఆ ఇంటిదే. నలభై ఏళ్ల కిందట చనిపోయిన యజమాని వేసుకున్న కోటు. గుండీలు రాలిపోగా, నడుముకు గడ్డిమోపులు కట్టే నారింజరంగు తాడు చుట్టుకుని వేసుకుంటుంది. డెబ్బై ఒకటో ఏట ఆమె పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేది. కుడిచేతి చూపుడువేలు కణుపు దగ్గర పక్కకు వంగిపోయింది. చెంచా పట్టుకున్నప్పుడు మాత్రం ఆ వంకర సరిగ్గా పిడి మీద అమరుతుంది, రెండూ ఒకే పనికి చేసిపెట్టినట్టు.

మార్చి నెల ఆఖరి గురువారం. ఇంకా తొమ్మిది కాలేదు. సముద్రం మీది మంచు రోస్‌వెన్ తోట గోడ దాకా వచ్చి ఆగింది. ఆ గోడ కింద ఏటవాలుగా దిగే నేలను ఇంటివాళ్లు మంచుచుక్కల గట్టు అంటారు. చలి ఇంకా వదలకముందే, తక్కిన తోటంతా నిద్రలో ఉండగా, తలలు వంచుకుని పూచే చిన్న తెల్లపూలు మంచుచుక్కలు. ఆ పూలు రాలి నెల దాటింది. బూడిద కలిసిన పచ్చరంగు ఆకులు మాత్రం మిగిలాయి. వాటి మధ్య, వాటిని తొక్కుకుంటూ, మోకాలెత్తున అడవి వెల్లుల్లి పూచి ఉంది. తెల్లటి గంటలు, ఒక్కో రేకు నడుమ సన్నటి పచ్చగీత. తెలియనివాళ్లు వీటినే చూసి మంచుచుక్కలనుకుంటారు. తెలుసుకోవడానికి కాడను రెండు వేళ్ల మధ్య దొర్లిస్తే చాలు: మంచుచుక్క కాడ గుండ్రం, దీనికి మూడు అంచులు. ముక్కుతో కూడా తెలుసుకోవచ్చు కాని, పొద్దున ఏడింటి నుంచి దాన్నే తవ్వుతున్న మనిషికి ప్రపంచమంతా వెల్లుల్లి వాసనే.

రేపు ఎనిమిది గంటలకు ఈ గట్టు మీద మందు కొడతారు.

ఆ సంగతి చిన్నమ్మగారు ఇమోజెన్ పెన్‌హేల్ సోమవారం నాడు స్వయంగా వచ్చి చెప్పింది. మూడు వారాల్లో ధర్మనిధి కోసం తోటను జనానికి తెరిచిపెట్టే ఆదివారం ఉంది. గత ఏడాది వచ్చినవాళ్లలో ఇద్దరు గట్టు దగ్గర ముక్కు మూసుకున్నారు. ఇమోజెన్ చెడ్డ మనిషి కాదు. ఆమె మర్యాదగా మాట్లాడుతుంది, మాట్లాడుతున్నంత సేపూ వినేవారి భుజం మీదుగా వేరే పని వైపు చూస్తుంది.

"మీరు ఇన్నేళ్లుగా పీకుతూనే ఉన్నారు లవ్‌డే, అది మొలుస్తూనే ఉంది. కీత్ శుక్రవారం పొద్దున వస్తాడు. విలువైన గడ్డలన్నీ నేను కుండీల్లోకి తీయించేశాను. మీకేమైనా కావాలంటే గురువారం సాయంత్రం లోపల తీసేసుకోండి."

మందు కొడితే మంచుచుక్కలు కూడా చస్తాయని లవ్‌డే చెప్పింది. తెలుసునని, మళ్లీ నాటిస్తామని ఇమోజెన్ చెప్పింది.

విలువైన గడ్డలంటే ఏవో లవ్‌డేకి తెలుసు. ముప్పై రెండేళ్ల కిందట ఒక ఫిబ్రవరి పొద్దున, ఇదే గట్టు మీద, వెయ్యి పూలలో ఒక పువ్వు పైరేకుల చివర పచ్చమచ్చ ఉండటం ఆమె చూసింది. మిగతావాటి నుంచి దాన్ని వేరు చేసి, ఆరేళ్లు పెంచి, పన్నెండు గడ్డలు చేసింది. చూడటానికి లండన్ నుంచి ఒక నిపుణుడు వచ్చాడు. ఎవరు కనుక్కున్నారని అడిగాడు. లవ్‌డే అని చెప్పారు. ఆయన తలూపి, ఆ పువ్వుకు అప్పటి యజమానురాలు, ఇమోజెన్ అత్తగారు అయిన పెద్దమ్మగారి పేరు పెట్టాడు. తోట చూడవచ్చేవారికి ఇచ్చే చిన్న పుస్తకంలో ఆ పువ్వుకు ఒక పేజీ ఉంది. అది ఈ తోటలో దొరికిందని అందులో రాసి ఉంది, పారేసుకున్న ఉంగరం దొరికినట్టు. లవ్‌డే పేరు ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. కుక్కల పేర్లు ఉన్నాయి.

ఆ పన్నెండు గడ్డల సంతానం ఇప్పుడు కుండీల్లో క్షేమంగా ఉంది. గట్టు మీద మిగిలినవి పేరు లేనివి. లవ్‌డేకి కావలసినవి అవే, వాటిలోనూ ముప్పై మాత్రమే. ముప్పై గడ్డలు, వాటిలో ఒక్క వెల్లుల్లి గింజ కూడా లేకుండా. ఈ సాయంత్రం లోపల అవి దక్కకపోతే, జనవరిలో విల్మట్ పాస్కోకు ఇచ్చిన మాట ఇక ఎప్పటికీ చెల్లదు.

ఆమె జల్లెడలో మిగిలిన మంచుచుక్క గడ్డలను ఏరి పళ్లెంలోని నీళ్లలో వేసింది. పక్కన మరో రెండు పళ్లేలు ఉన్నాయి. బియ్యం కడిగినట్టు మూడు నీళ్లు. చూపు తగ్గినందువల్ల కంటిని నమ్మడం మానేసింది. ఒక్కో గడ్డను వేళ్లతో తడుముతుంది. మంచుచుక్కకు గోధుమరంగు పలుచటి పొర, ఆకులు చదును. వేళ్లు నవ్వితే, అంటే ఆకు మొదట్లో ఎక్కడైనా చిన్న అంచు గీచుకుంటే, అది బకెట్‌లోకి. వేళ్లు నవ్వడం ఆమె తల్లి మాట. తల్లి కూడా ఈ ఇంట్లోనే పనిచేసింది, బట్టలుతికేది.

ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఒక నొప్పి దిగి, ఆగి, మళ్లీ దిగింది. ఆమె దాన్ని పనికి సంబంధించిన నొప్పుల్లో జమచేసింది.

ఆమె ఈ తోటలోకి పదహారో ఏట వచ్చింది. అప్పుడు పెద్ద తోటమాలి నాన్‌కివెల్ కింద నలుగురు పనివాళ్లు. రెండో ఏడు వసంతంలో కూరగాయల మడి చివర అడవి వెల్లుల్లి ఒక గంప వెడల్పున కనబడింది. దాన్ని పెకలించే పని లవ్‌డేకి ఇచ్చారు. పెకలించి ఎక్కడ వేయమంటారని ఆమె అడిగింది. ఎరువు కుప్ప మీద వేయమని, లోపలి వేడికి అంతా ఉడికిపోతుందని నాన్‌కివెల్ చెప్పాడు. ఆమె వేసింది. ఆ కుప్ప అంత వేడిది కాదు. మరుసటి శరత్తులో ఆ ఎరువునే బండ్లకెత్తి గట్టంతా పరిచారు. పరిచింది కూడా ఆమే. ఆజ్ఞ నాన్‌కివెల్‌ది, చేతులు లవ్‌డేవి. తప్పు ఎప్పుడూ చేతుల దగ్గరే ఉండిపోతుంది. నాన్‌కివెల్ పదవీ విరమణ రోజున ఆయనకు గడియారం ఇచ్చి ఫోటో తీశారు.

గట్టు మీద నాలుగైదు మొక్కలు లేవడం ఆమె గమనించకపోలేదు. పీకేసింది, మరిచిపోయింది. అప్పటికి ఆమెకు వేరే గర్వం ఒకటి ఏర్పడి ఉంది.

మంచుచుక్కల గడ్డలను ఎండబెట్టి నాటితే బతకవు. పూలు రాలాక, ఆకు పచ్చగా ఉండగానే తవ్వి, పాయలు చేసి, తడి కాగితంలో చుట్టి, ఆ రోజే మరో చోట నాటాలి. ఆ ప్రాంతంలో తోటలున్నవాళ్లంతా మార్చి నెలలో ఒకరికొకరు ఇలా పంచుకుంటారు. పెద్దమ్మగారు ఆ అనుమతి లవ్‌డేకి ఇచ్చింది. లవ్‌డే దాన్ని తనదైన పద్ధతిగా మార్చుకుంది. ఆ ఏడాది ఊళ్లో ఎవరింట్లో చావు జరిగిందో వాళ్ల గడప మీద, తెల్లవారుజామున, తడి వార్తాపత్రికలో చుట్టిన పొట్లం పెట్టి వచ్చేది. తలుపు కొట్టేది కాదు. చీటీ పెట్టేది కాదు. ఆమెకు ఓదార్పు మాటలు రావు. ఎవరైనా ఏడుస్తుంటే ఆమె అక్కడున్న గిన్నెలు తోమడం మొదలుపెడుతుంది. ఈ పొట్లం ఒక్కటే ఆమెకు వచ్చిన మాట. ముప్పై ఏళ్లలో ఆ మాట నలభై గడపల మీద, చర్చి ఆవరణలో అంతకంటే ఎక్కువ సమాధుల మీద పూచింది. ఊళ్లో ఎవరికైనా దగ్గరివాళ్లు పోతే, మార్చి వచ్చేసరికి, పైకి ఒప్పుకోకపోయినా, పొద్దున్నే తలుపు తీసి కిందికి చూసేవారు.

పంతొమ్మిదేళ్ల కిందట విల్మట్ ఇంటి పెరట్లో, తాను ఇచ్చిన మంచుచుక్కల గుబురు పక్కనే, లవ్‌డే ఆ ఆకును చూసింది. కాడను దొర్లించింది. మూడు అంచులు. ఆ వారమంతా పని అయ్యాక ఆమె ఊరు తిరిగింది. ఏ గడప మీద పొట్లం పెట్టిందో ఆ ఇంట్లో వెల్లుల్లి ఉంది. పెట్టని ఇంట్లో లేదు. సమాధుల మీద తెల్లటి గంటలు గుత్తులు గుత్తులుగా ఊగుతున్నాయి. మంచుచుక్కల వేళ్లకు అంటిన మట్టిలో, కంటికి ఆనని బియ్యపు గింజలుగా, తానే మోసుకెళ్లి, తానే పెట్టి వచ్చింది.

పోస్టాఫీసు వరుసలో జనం దాన్ని గురించి తిట్టుకునేవారు. పిట్టలు తెచ్చాయన్నారు కొందరు. బయటి నుంచి వచ్చి ఇళ్లు కొన్నవాళ్లు తెచ్చారన్నారు ఎక్కువమంది, ఊళ్లో ఏది పాడైనా ఆ మాటే అంటారు గనక. లవ్‌డే తపాలా బిళ్లలు కొనుక్కుని బయటికి వచ్చేసేది. ఆ ఏటి నుంచి ఒక్క పొట్లం కూడా పెట్టలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. పెద్దమ్మగారు పోయాక లవ్‌డేకి చెయ్యి రావడం లేదని అనుకున్నారు. అది ఆమె చెవిన పడింది. దాన్ని సరిదిద్దడం కంటే మోయడం సులువనిపించింది.

విల్మట్ పన్నెండున్నరకు వచ్చింది, గుడ్డలో చుట్టిన సగం పేస్టీతో. దాని లోపలి మాంసం, దుంపలు ఇంకా వేడిగా ఉన్నాయి. ఆమె లవ్‌డే ఈడుదే, పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. జనవరిలో విల్మట్ భర్త జోరీ, చేపల పడవ నడిపిన మనిషి, ఒడ్డు మీదే, తన మంచం మీద, ఊపిరి చాలక పోయాడు. ప్రార్థనాలయం వెనక గదిలో అంత్యక్రియల తర్వాత టీ తాగుతుండగా విల్మట్ లవ్‌డే చెయ్యి పట్టుకుని, జోరీకి ఒక పొట్లం కావాలే అంది. పంతొమ్మిదేళ్లలో పైకి అడిగిన మొదటి మనిషి. లవ్‌డే సరేనంది.

విల్మట్ గోడకు ఆనుకుని నిలబడి చుట్టూ చూసింది.

"నీ మోకాళ్లు ఇంకా ఒంగుతున్నాయటే? నావి ప్రార్థనకు కూడా ఒంగట్లేదు. కుర్చీలో కూర్చున్నవాళ్ల మాట దేవుడు వింటాడో లేదో."

"ఒంగుతాయి. లేవడమే కష్టం."

విల్మట్ మూడు పళ్లేలనూ, నీళ్లలో తేలుతున్న గడ్డలనూ, బకెట్ నిండా పూలతో సహా పడి ఉన్న వెల్లుల్లినీ చూసింది. ఇంత కడగడం దేనికని అడిగింది. అవి నాటడానికా, వండటానికా అంది.

లవ్‌డే పేస్టీ పట్టుకుని, తినకుండా, గట్టు వైపు చూస్తూ చెప్పింది.

"ఆ కంపు నేనే తెచ్చాను విల్మట్. ఊరంతా నేనే పంచాను. పొట్లాల్లో వచ్చింది. నీ ఇంటికి కూడా."

చెప్పాక ఆమె ఎదురుచూసింది. పంతొమ్మిదేళ్లుగా ఈ క్షణాన్ని ఆమె అనేక విధాలుగా ఊహించి ఉంది. విల్మట్ ముఖంలో ఆ ఊహల్లో ఏదీ కనబడలేదు.

"తెలుసే. జోరీ మొదటేడే చూశాడు. కోసి గుడ్డట్టులో వేసుకున్నాడు. లవ్‌డేకి చెప్పకు, చెప్తే ఇక తేవడం మానేస్తుంది, అన్నాడు."

మంచులో ఎక్కడో ఒక సముద్రపు పిట్ట అరిచింది.

"మానేశావు" అంది విల్మట్. "ఏదో మాట పట్టింపనుకున్నాం. నేనేమన్నానా, జోరీ ఏమన్నాడా అని ఎన్నాళ్లు తవ్వుకున్నామో. కెరెన్సా పోయిన ఏడు..." ఆమె ఆగి, చేతిగుడ్డను మడతపెట్టింది. కెరెన్సా ఆమె ఒక్కగానొక్క కూతురు, ముప్పై నాలుగో ఏట జబ్బుచేసి పోయింది. "మార్చి నెలంతా పొద్దున్నే లేచి తలుపు తీశానే. రోజూ. చల్లగాలి లోపలికొస్తోంది, మూసెయ్యమని జోరీ అరిచేవాడు. నువ్వొచ్చి నా వంటిల్లు కడిగావు, కిటికీలు తుడిచావు, నా దుప్పట్లు ఉతికావు. గడప మీద మాత్రం ఏం పెట్టలేదు. కలుపు వస్తే పీక్కుంటాం లవ్‌డే. ఎవరింట్లో రాదు."

ఆ మాటల్లో కోపం లేదు. ఉంటే లవ్‌డే తట్టుకోగలిగేది. తాను దాచిపెట్టినది నేరం అనుకుంది. ఊరు పోగొట్టుకున్నది ఆ పొట్లం. రెండూ వేర్వేరని ఆమెకు ఆ వయసులో, ఆ గట్టు మీద, చేతిలో చల్లారుతున్న పేస్టీతో తెలిసింది. తెలిసినదాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. ఒక ముక్క కొరికి నమిలింది.

ఉన్నవి చాలు, ఇప్పుడే ఇచ్చేయి, పట్టుకుపోతాను అని విల్మట్ చెయ్యి చాచింది. గింజలు నాలుగు ఉంటే ఉండనీ, జోరీకి గుడ్డట్టు ఇష్టమే అంది.

"చేతికివ్వను. పొట్లం గడప మీద పెట్టాలి. ఇంకా పన్నెండు గడ్డలు కావాలి. ఒక్క గింజ కూడా ఉండదు, చూడు."

"మొండిదానివి."

"రేపు పొద్దున తలుపు తియ్యి."

"తలుపు కొట్టకుండా పెట్టాలి మరి, ఎప్పట్లాగే" అంది విల్మట్. వెళ్లేటప్పుడు, లేచేటందుకు సాయం చేస్తున్నట్టు, లవ్‌డే భుజం మీద చెయ్యి వేసి కొంచెంసేపు ఉంచింది. లవ్‌డే లేవవలసిన అవసరం లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నానికి మంచు విడిపోయి పలుచటి ఎండ వచ్చింది. లవ్‌డే నోట్లో ఇంకా కొంత పేస్టీ రుచి ఉంది. ఆమె ఒక్కో పెళ్లనూ ఎత్తింది, చిదిమింది, కడిగింది, తడిమింది, ముళ్ల సందులు తుడిచింది. పొద్దున ఒప్పుకున్న నాలుగు గడ్డలను మళ్లీ అనుమానించి, మళ్లీ కడిగింది. మూడున్నరకు ముప్పయ్యో గడ్డను మూడో పళ్లెంలోంచి తీసి నాచు మీద పెట్టింది. నిరుటి వార్తాపత్రికను తడిపి, నాచుతో సహా గడ్డలను చుట్టి, ఆకులు బయటికి కనబడేలా నారతో కట్టింది. పంతొమ్మిదేళ్ల తర్వాత కూడా చేతులు ఆ ముడిని మరిచిపోలేదు. పొట్లాన్ని ఎండ తగలకుండా, గోడలో పాత దీపం పెట్టే గూట్లో ఉంచింది.

ఇక ఆమె ఇంటికి పోవచ్చు. రేపు చచ్చిపోబోయే గట్టు మీద ఇంకా కలుపు తీయడంలో అర్థం లేదు. కాని అయిదు కాకుండా ఆమె ఏనాడూ పనిముట్టు కింద పెట్టలేదు. పెట్టవద్దని చెప్పేవాళ్లు అందరూ చనిపోయాక కూడా పెట్టలేదు. ఆమె పట్టాను జానెడు ముందుకు జరిపి, చెంచాను ఏటవాలుగా దించింది. ఒక పెళ్ల ఎత్తింది. జల్లెడ అందుకోబోయి, చెయ్యి అక్కడిదాకా రాకపోవడంతో, చెంచాను పక్కనే మట్టిలో నిలువుగా గుచ్చి, కాస్త ఆగుదామనుకుంది. గట్టు ఏటవాలుగా ఉంటుంది గనక పక్కకు ఒరగడం సులువు. ఆమె చెంప ఆకుల మీద ఆనింది. అవి చల్లగా ఉన్నాయి. గుండ్రటి కాడలు, అంచులున్న కాడలు.

కీత్ కోసం పొద్దున్నే గేటు తాళం తీసి ఉంచమని చెప్పడానికి ఇమోజెన్ అయిదూ ఇరవైకి వచ్చింది.

మరునాడు కీత్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, పని వచ్చే వారానికి వాయిదా వేద్దామా అని అడిగాడు. అతని తల్లి చనిపోయిన ఏడు అతని గడప మీద కూడా పొట్లం ఉంది. ఇమోజెన్ కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముక్కు దిబ్బడ వేసింది, ఆమె రాత్రంతా నిజంగానే ఏడ్చింది. తోట చక్కగా ఉండాలనే లవ్‌డే కూడా కోరుకుని ఉండేదని ఆమె చెప్పింది. చనిపోయిన పనివాళ్ల కోరికలు యజమానులకు ఎప్పుడూ ఇంత స్పష్టంగానే తెలుస్తాయి. కీత్ తొట్టి వీపున వేసుకుని గట్టంతా మందు కొట్టాడు. మట్టిలో నిలబడి ఉన్న ముళ్ల చెంచాను తాకలేదు. దాని చుట్టూ తిరిగి కొట్టాడు.

లవ్‌డే ఎవరికోసమో పూలు సిద్ధం చేస్తున్నదని ఇమోజెన్‌కు గుర్తుంది. విల్మట్‌కని వంటావిడ చెప్పింది. గట్టు పక్కన బకెట్ నిండా తెల్లపూలు ఉన్నాయి. ఎవరి పేరుతో మంచుచుక్క ఒకటి దేశమంతా తెలుసో ఆ పెద్దమ్మగారి కోడలు, వాటిలో బాగున్నవి ఏరి, పాలరంగు పట్టుతాడుతో కట్టి, కారులో విల్మట్ ఇంటికి వెళ్లి, తలుపు కొట్టింది. లవ్‌డే ఆఖరుగా మీకోసం తీసిన మంచుచుక్కలు ఇవని చెప్పింది. విల్మట్ తీసుకుంది. థాంక్స్ చెప్పింది. కారు వెళ్లిపోయేదాకా గడప మీదే నిలబడి, తర్వాత ఒక కాడను రెండు వేళ్ల మధ్య దొర్లించింది.

ఆమె నవ్విందని పక్కింటివాళ్లు తర్వాత చెప్పారు. పూలను జామ్ సీసాలో నీళ్లుపోసి జోరీ ఫోటో ముందు పెట్టింది. చాలా సేపటికి కోటు వేసుకుని, నడిచి, రోస్‌వెన్ వెనక గేటు గుండా గట్టు దగ్గరకు వెళ్లింది. ఎక్కడ వెతకాలో ఆమెకు చెప్పినవాళ్లు లేరు. గూడు ఆమె ఎత్తుకు సరిపోయేంతే ఉంది. పొట్లం ఇంకా తడిగానే ఉంది. అక్కడే గోడ మీద విప్పి, ఒక్కో గడ్డనూ తీసి వేళ్లతో తడిమింది. ముప్పై. ఒక్క అంచు కూడా తగల్లేదు. మళ్లీ చుట్టింది. నారముడి మాత్రం ఆమెకు రాలేదు. చేతిగుడ్డతో కట్టుకుంది.

మందు తడి ఇంకా ఆరని ఆకుల మధ్య ముళ్ల చెంచా నిలబడి ఉంది. విల్మట్ దాన్ని తీసుకోవాలని ఒక చేత్తో గోడ పట్టుకుని ఒంగబోయింది. మోకాళ్లు ఒంగలేదు. ఇంకోసారి ప్రయత్నించి, ఆగి, పొట్లాన్ని కోటు లోపల పెట్టుకుని వెళ్లిపోయింది.

పిడి మీద చిహ్నం అరిగిపోయిన ఆ చెంచా ముళ్లు సగందాకా మట్టిలో ఉన్నాయి. మట్టికి పైన, రెండు ముళ్ల సందులో, గోరు తుడవకుండా మిగిలిన చోట, బియ్యపు గింజంత తెల్లటి గడ్డ ఒకటి ఉంది.